అతుకు దగ్గరే ఎందుకు విరుగుతుంది?

మా బడిలో ఒక అల్యూమినియం నిచ్చెన ఉండేది. మిద్దె మీది నీళ్ళ ట్యాంకు వాల్వు విప్పాలన్నా, కట్టాలన్నా, ప్రయోగశాలలో పై అరల మీది సీసాలు దింపాలన్నా, ఆగస్టు 15న తోరణాలు కట్టాలన్నా మాకు అదే దిక్కు. ఒకసారి దాని మూడో మెట్టు, పక్క బద్దను కలిసే చోట సన్నగా చీలింది. నల్లగొండలో వెల్డింగు పనివాడికి పంపి అతికించి తెచ్చుకున్నాం. అతుకు లావుగా, గట్టిగా కనబడింది. పదహారు నెలలు ఏ చిక్కూ లేకుండా పనిచేసింది. పదిహేడో నెలలో ఒక ఉదయం మా అటెండరు ఎక్కుతూ ఉంటే అదే మెట్టు పుటుక్కున విరిగింది. ఆయన ముంజేతి ఎముక విరిగి ఆరు వారాలు కట్టులో ఉంది.

విరిగిన మెట్టును తెచ్చి బల్ల మీద పెట్టుకుని చూశాను. రెండు సంగతులు నన్ను ఆశ్చర్యపరిచాయి. మొదటిది: వెల్డింగు చేసిన ముద్ద చెక్కుచెదరలేదు. దాని అంచు పక్కన, అసలు లోహంలోనే కత్తితో కోసినట్లు విరిగింది. రెండవది: మా అటెండరు బరువు 58 కిలోలు. నా బరువు 80 కిలోలు. అంతకు వారం ముందే నేను అదే మెట్టు మీద నిలబడి ఫ్యాను తుడిచాను. 80 కిలోలకు విరగని మెట్టు 58 కిలోలకు ఎలా విరిగింది?

ఆ మెట్టును తొమ్మిదో తరగతికి తీసుకువెళ్ళి ఇదే ప్రశ్న అడిగాను. వెనుక బల్ల మీది అమ్మాయి ఒకతె లేచి, "సార్, ఆడ నల్లగ గీత ఉండె. నేను చూసిన. మసి అనుకున్న" అంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇటువంటి మాటనే ఇంకో చోట, చాలా దూరాన, ఇంకొకరు అన్నారు. ఆ కథ తరువాత చెబుతాను.

ముందు మీరు ఒక ప్రయోగం చేయాలి. ఇల్లు కట్టేచోట ఇనుప చువ్వలను కట్టడానికి వాడే సన్నని తీగ ముక్క తీసుకోండి. రెండు చేతులతో పట్టుకుని లాగి తెంపడానికి ప్రయత్నించండి. తెగదు. మీ తరగతిలో అందరికన్నా బలశాలికి ఇవ్వండి. తెగదు. ఇప్పుడు దాన్ని ఒకే చోట అటూ ఇటూ వంచండి. ప్రతిసారీ పూర్తిగా మడిచి తెరిస్తే కొద్దిసార్లకే తెగుతుంది. కొంచెం తక్కువగా వంచి చూడండి, ఎక్కువసార్లు పడుతుంది. ఇంకా తక్కువగా వంచితే ఇంకా ఎక్కువ. ఎంత కోణానికి ఎన్నిసార్లో నోటు పుస్తకంలో రాసుకుని గ్రాఫు గీయండి. కోణం తగ్గేకొద్దీ సంఖ్య మెల్లగా పెరగదు, గబగబా పెరిగిపోతుంది.

ఒక్కసారి వేస్తే లోహం నవ్వుతూ మోయగల బరువునే మళ్ళీ మళ్ళీ వేస్తూ తీస్తూ ఉంటే చివరకు విరిగిపోవడాన్ని లోహపు అలసట అంటారు. మనిషి అలసటకూ దీనికీ పెద్ద తేడా ఉంది. మనం రాత్రి నిద్రపోతే తెల్లవారేసరికి అలసట తీరుతుంది. లోహానికి సెలవులిచ్చినా, ఎండాకాలం అంతా గదిలో పెట్టి తాళం వేసినా జరిగిన నష్టం ఎక్కడిదక్కడే ఉంటుంది. జూన్‌లో బడి తెరవగానే లెక్క ఆగిన చోటనుంచే మొదలవుతుంది. మా అటెండరు ఎముక ఆరు వారాల్లో తనంత తానే అతుక్కుంది. నిచ్చెనలో ఆ గుణం లేదు.

రైలు ఇరుసులు నేర్పిన పాఠం

ఈ జబ్బు మొదట పెద్ద ఎత్తున కనిపించింది రైళ్ళలో. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ నుంచి పారిస్‌కు పోతున్న రైలు ఇంజను ఇరుసు విరిగింది. పెట్టెలు ఒకదాని మీదకు ఒకటి ఎక్కి మంటలంటుకుని యాభైమందికి పైగా చనిపోయారు. అప్పట్లో అందరూ, చాలాకాలం వాడితే ఇనుము లోపల స్ఫటికాలుగా మారి పెళుసెక్కుతుందని అనుకునేవారు. అది పొరపాటు. లోహం పుట్టినప్పటి నుంచీ స్ఫటికాల సముదాయమే. ఆగస్ట్ వోలర్ అనే జర్మన్ రైల్వే ఇంజనీరు నమ్మకాలతో పని లేకుండా ఇరుసులను యంత్రానికి తగిలించి, బరువు వేలాడదీసి, లక్షల సార్లు తిప్పి లెక్కలు రాశాడు. 1850ల చివరి నుంచి 1870 వరకు అదే పని. మీరు తీగతో గీసిన గ్రాఫునే ఆయన ఇరుసులతో గీశాడు.

ఇరుసు తిరుగుతుంటే ఏమవుతుందో ఆలోచించండి. బరువుకు ఇరుసు కాస్త వంగుతుంది. పైభాగం ఒకవైపు సాగుతుంటే కింది భాగం నొక్కుకుంటుంది. సగం చుట్టు తిరిగితే సాగిన భాగం నొక్కుకుంటుంది, నొక్కుకున్నది సాగుతుంది. అంటే ప్రతి చుట్టూ, మీ చేతిలో తీగను ఒకసారి అటూ ఇటూ వంచడంతో సమానం. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ వెళ్ళేలోగా రైలు చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో మీరే లెక్కకట్టండి. దూరం సుమారు 100 కిలోమీటర్లు, చక్రం చుట్టుకొలత సుమారు 3 మీటర్లు అనుకోండి.

ఉక్కులో వోలర్‌కు ఒక మంచి గుణం కనిపించింది. బలాన్ని ఒక హద్దుకు లోపల ఉంచితే ఎన్ని లక్షలసార్లు తిప్పినా ఉక్కు ఇరుసు విరగడం లేదు. కనుక ఇంజనీరు ఆ హద్దు దాటకుండా ఇరుసును లావుగా చేస్తే నిశ్చింతగా ఉండవచ్చు. అల్యూమినియంకు ఈ హద్దు లేదు. దాని గ్రాఫు నేలకు సమాంతరంగా ఎక్కడా స్థిరపడదు, వాలుతూనే పోతుంది. ఎంత చిన్న బలమైనా సరే, లెక్కకు అందనన్నిసార్లు వేస్తే ఎప్పుడో ఒకప్పుడు తన పని చేస్తుంది. అందుకే అల్యూమినియం వస్తువుకు ఇంజనీరు "ఇది విరగదు" అని చెప్పడు, "ఇన్నిసార్లకు విరగదు" అని చెబుతాడు. మెగ్నీషియం, సిలికాన్ కలిపిన ఒక సాధారణ అల్యూమినియం మిశ్రలోహాన్ని ఒక్కసారి లాగి తెంపాలంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 310 న్యూటన్లు కావాలి. అదే లోహాన్ని 50 కోట్లసార్లు అటూ ఇటూ వంచితే 97 న్యూటన్లే చాలు.

ఇక లోపల జరిగేదేమిటి? 1903లో ఇంగ్లండులో ఈవింగ్, హంఫ్రీ అనే ఇద్దరు ఇనుప పట్టీని నున్నగా మెరుగుపెట్టి, వంచుతూ, మధ్యమధ్య ఆపి సూక్ష్మదర్శినిలో చూశారు. కొన్ని స్ఫటికాలలో సన్నని గీతలు కనిపించాయి. పరమాణువుల పొరలు పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి జారిన ఆనవాళ్ళు అవి. వంచినకొద్దీ గీతలు దట్టమై, వాటిలో ఒకటి పగులుగా మారింది. ఆ తరువాత ప్రతి వంపుకూ పగులు కొద్దికొద్దిగా ముందుకు జరుగుతుంది. ఒక్కొక్క అడుగు మిల్లీమీటరులో వెయ్యోవంతు కన్నా తక్కువ కావచ్చు. మిగిలిన లోహం బరువును మోస్తూనే ఉంటుంది, చూసేవాళ్ళకు ఏమీ తెలియదు. ఒక రోజు మిగిలిన భాగం చాలదు. అప్పుడు పుటుక్కుమంటుంది.

మా నిచ్చెన మెట్టు విరిగిన ముఖాన్ని భూతద్దంతో చూస్తే ఈ కథంతా రాసి ఉంది. మూడింట రెండు వంతులు నున్నగా, నల్లబడి ఉంది. దాని మీద విల్లులా వంగిన చారలున్నాయి. వేసవిలో చెరువు నీళ్ళు తగ్గుతూ పోతుంటే గట్టు వాలు మీద చారలు చారలుగా నీటి గుర్తులు మిగలడం మీరు చూసే ఉంటారు, అచ్చం అలాగే. పగులు ఆగి ఆగి నడిచిన గుర్తులవి. మిగిలిన మూడో వంతు గరుకుగా, తళతళ మెరుస్తూ ఉంది. అది ఆ ఉదయం ఒక్క క్షణంలో విరిగిన భాగం. నేను ఎక్కిన రోజుకు ఇంకాస్త లోహం మిగిలి ఉండి ఉంటుంది. ఆ తరువాత వారంలో అది కూడా తరిగింది. నాది అదృష్టం, ఆయనది దురదృష్టం. బరువుతో పని లేదు.

గాలి వాయించే తీగలు

తేలిక లోహం అలసటను చూడడానికి విమానాశ్రయం దాకా పోనక్కరలేదు. సాగర్ నుంచో శ్రీశైలం నుంచో మన పొలాల మీదుగా పోయే పెద్ద కరెంటు టవర్ల కిందికి వెళ్ళి తలెత్తి చూడండి. ఆ తీగల్లో మధ్యన ఉక్కు పోగులు, చుట్టూ అల్యూమినియం పోగులు ఉంటాయి. వాటికి జంతువుల పేర్లు పెట్టడం ఒక తమాషా. మీ ఊరి లైన్‌మన్‌ను అడగండి, "రాబిట్ వైరు", "డాగ్ వైరు" అని చెబుతాడు. పెద్ద టవర్ల మీద పోయేది "జీబ్రా", దాని వ్యాసం సుమారు 28.6 మిల్లీమీటర్లు.

తీగకు అడ్డంగా నెమ్మదైన గాలి నిలకడగా వీస్తే, తీగ వెనుక ఒకసారి పైన, ఒకసారి కింద చిన్న సుడులు విడివడతాయి. ఒక్కొక్క సుడి తీగను కాస్త కదిలిస్తుంది. సెకనుకు ఎన్ని కదలికలో కనుక్కోవడానికి సులభమైన సూత్రం ఉంది. గాలి వేగాన్ని 0.2తో గుణించి తీగ వ్యాసంతో భాగించండి. గాలి సెకనుకు 4 మీటర్లు వీస్తోందనుకుందాం. అది మన వైపు మామూలు పిల్లగాలే. జీబ్రా తీగకు సెకనుకు 28 కదలికలు వస్తాయి. గంటకు లక్షకు పైగా! రోజంతా వీస్తే 24 లక్షలు. కదలిక వేలెడంత కూడా ఉండదు, కింద నుంచి చూస్తే తీగ నిశ్చలంగానే ఉంటుంది. కాని తీగ నడుమ ఎక్కడా తెగదు. టవరు దగ్గర బిగింపులో పట్టి ఉంచిన చోటనే తెగుతుంది. స్వేచ్ఛగా ఊగే చోట వంపు పరచుకుంటుంది, బిగించిన చోట వంపంతా ఒక్క బిందువు దగ్గర చేరుతుంది.

టవరుకు కొద్ది దూరంలో తీగ కింద చిన్న డంబెల్లు లాంటివి వేలాడుతుండడం చూశారా? అవి కదలికలోని శక్తిని మింగివేసే సాధనాలు. తీగ ఊగితే ఆ గుండ్లను కలిపే ఉక్కు తాడు వంగి, దాని పోగులు ఒకదానితో ఒకటి రాసుకుని శక్తి వేడిగా మారిపోతుంది. అమెరికాలో జార్జి స్టాక్‌బ్రిడ్జి అనే ఇంజనీరు 1920లలో దీన్ని కనిపెట్టాడు. పక్షులు వాలడానికి కట్టారని మా ఊళ్ళో ఒక పెద్దమనిషి గట్టిగా వాదించాడు. ఆయనతో నేను ఓడిపోయాను.

వెల్డింగు పక్కనే ఎందుకు?

ఇప్పుడు మెట్టు దగ్గరకు తిరిగివద్దాం. మన ఇళ్ళలో సిల్వరు గిన్నె అనో, సత్తు గిన్నె అనో పిలిచేది నిజానికి అల్యూమినియమే. ఇత్తడి బిందెకు చిల్లు పడితే మాటు వేసేవాడు సులభంగా వేస్తాడు. సత్తు గిన్నెను తెస్తే ముఖం చిట్లిస్తాడు. కారణం దాని మీద ఉండే కంటికి కనబడని ఆక్సైడు పొర. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దాని ఆక్సైడు కరగాలంటే సుమారు 2,070 డిగ్రీలు కావాలి. కరిగిన లోహం మీద కరగని తోలులా ఆ పొర తేలుతూ, అతుకులోకి మడతపడి దూరుతుంది. గాలిలోని, లోహం మీది తేమ వేడికి విడిపోయి హైడ్రోజన్ అవుతుంది. కరిగిన అల్యూమినియం హైడ్రోజన్‌ను బాగా పీల్చుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు చాలావరకు వదిలేస్తుంది. బయటకు పోలేని వాయువు బుడగలుగా లోపలే చిక్కుకుంటుంది. ఈ బాధ తగ్గించడానికే ఆర్గాన్ వాయువు ఊదుతూ వెల్డింగు చేస్తారు. మన వర్క్‌షాపుల్లో దాన్ని "ఆర్గాన్ వెల్డింగు" అనే అంటారు.

ఇంకొక నష్టం వేడి వల్ల. గట్టి అల్యూమినియం మిశ్రలోహాల బలానికి కారణం వాటిలో పుట్టించిన అతిసూక్ష్మ రేణువులు. ఇలా గట్టిపడే గుణాన్ని 1906లో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. మిశ్రలోహాన్ని కాచి, చల్లార్చి, ఊరికే కొన్ని రోజులు ఉంచితే దానంతట అది గట్టిపడింది. ఆ రేణువులు పరమాణు పొరల జారుడుకు అడ్డుకట్టలు. వెల్డింగు వేడి తగిలిన మేరకు ఈ అడ్డుకట్టలు చెదిరిపోతాయి. అతుకుకు రెండు పక్కలా ఒక సన్నని పట్టీలో లోహం బలం దాదాపు సగానికి పడిపోతుంది.

అయితే అలసట విషయంలో అన్నింటికన్నా పెద్ద దోషి ఇవి కావు, ఆకారం. ఎడమ కాలువ మీద మిర్యాలగూడ వైపు ఏదైనా వంతెన మీద నిలబడి నీళ్ళను చూడండి. కాలువ మధ్యలో నీరు సాఫీగా పోతుంది. స్తంభం దగ్గరకు రాగానే ధారలన్నీ పక్కకు జరిగి, అంచున ఇరుకుగా, వడిగా పోతాయి. లోహంలో బలం కూడా ఇలాగే ప్రవహిస్తుందని ఊహించుకోండి. రంధ్రం ఉన్నా, గాటు ఉన్నా, హఠాత్తుగా మందం మారినా బలరేఖలు అక్కడ ఇరుక్కుంటాయి. వెడల్పాటి రేకులో గుండ్రని రంధ్రం అంచున బలం మూడు రెట్లవుతుందని జర్మనీలో కిర్ష్ 1898లోనే లెక్కకట్టి చూపాడు. వెల్డింగు ముద్ద లేచే చోట, ముద్దకూ రేకుకూ మధ్య పదునైన మూల ఉంటుంది. బలరేఖలు అక్కడే గుమిగూడతాయి. దానికి తోడు, కరిగిన ముద్ద చల్లారి కుంచించుకుపోతూ పక్క లోహాన్ని లాగి పట్టుకుంటుంది. ఎవరూ ఎక్కకముందే అక్కడ బిగువు సిద్ధంగా ఉంటుంది.

అందుకే ముద్దను లావుగా వేసిన కొద్దీ ధైర్యం అనుకోవడం తప్పు. లావు ముద్దకు మూల ఇంకా పదునుగా ఉంటుంది. మరీ విచిత్రమైన సంగతి ఒకటి. రెండింతలు గట్టి మిశ్రలోహం కొని వెల్డింగు చేసినా అతుకు అలసట బలం పెరగదు. పగులు మొదలుకావడానికి కావలసిన గాటు ముందే తయారుగా ఉంటే, లోహం ఎంత గట్టిదైతే ఏం లాభం? వెల్డింగు మూల దగ్గర, 20 లక్షలసార్లు వేసితీస్తే, కొన్ని రకాల అతుకులు చదరపు మిల్లీమీటరుకు 20, 30 న్యూటన్ల మార్పుకే విరుగుతాయి. పైన చెప్పిన 97తో పోల్చండి. రెండు కొలతలూ అచ్చంగా ఒకే పద్ధతివి కాకపోయినా తేడా ఎంతటిదో తెలుస్తుంది. ఉక్కు అతుకులు ఇటువంటి చోట దాదాపు మూడు రెట్లు మోస్తాయి. ముద్ద అంచును నున్నగా అరగదీసి మూలను గుండ్రంగా చేస్తే కొంత మేలు. చిన్న సుత్తితో అంచు వెంబడి కొట్టి లాగుడు బిగువును నొక్కుడుగా మార్చడం ఇంకా మేలు. లోహాన్ని కరిగించకుండానే, తిరిగే కడ్డీతో రెండు రేకుల అంచులనూ పిండిలా కలిపివేసే వెల్డింగును 1991లో ఇంగ్లండులో కనిపెట్టారు. కరగలేదు కనుక బుడగల బెడద చాలావరకు తప్పింది.

మా మెట్టు లెక్క ఇప్పుడు చూడండి. వాల్వు కోసం రోజుకు రెండుసార్లు ఎక్కి దిగితే మెట్టు మీద నాలుగు అడుగులు. సెలవులు తీసేసినా పదహారు నెలల్లో వెయ్యికి పైగా. మంచి లోహానికి ఇదొక లెక్క కాదు. పుట్టుకతోనే గాటు ఉన్న అతుకుకు సరిపోయింది.

అన్నం మెతుకులతో ఒక పాఠం

సరే, వెల్డింగు వద్దు. రివిట్టు కొడదామా? రంధ్రం చేయాలి, రంధ్రమంటే మూడు రెట్ల బలం. మరి రంధ్రమూ లేకుండా, వేడీ లేకుండా రెండు రేకులను కలపలేమా? అతికించవచ్చు, జిగురుతో. నవ్వకండి, విమానాలను అలాగే కట్టారు.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గర డక్స్‌ఫర్డ్‌లో నార్మన్ డి బ్రూయిన్ అనే ఆయన 1941లో రెడక్స్ అనే జిగురు తయారుచేశాడు. ఒక ద్రవం పూసి, దాని మీద ఒక పొడి చల్లి, వేడిచేసి నొక్కాలి. లోహాన్ని లోహానికి గట్టిగా అతికించిన మొదటి కొత్తతరం జిగురు అదే. హాలండులో తయారైన ఫాకర్ ఫ్రెండ్‌షిప్ విమానం నిర్మాణంలో ఇటువంటి జిగురు అతుకులు చాలా ఉన్నాయి. ఆ విమానాలను మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ కూడా 1961 నుంచి చాలా ఏళ్ళు నడిపింది. జిగురు అతుకులో బలం ఒక్క బిందువు గుండా కాక, మొత్తం వైశాల్యం గుండా పోతుంది. గాటు లేదు, రంధ్రం లేదు. సరిగా చేసిన జిగురు అతుకు, అలసటకు రివిట్ల అతుకు కన్నా ఎంతో బాగా తట్టుకుంటుంది.

దీని బలమూ బలహీనతా తెలియాలంటే రెండు కాగితపు పట్టీలు చాలు. వాటి కొసలు రెండంగుళాల మేర ఒకదాని మీద ఒకటి పెట్టి అన్నం మెతుకులతో అంటించి ఆరనివ్వండి. రెండు కొసలూ పట్టి నిలువుగా లాగండి. కాగితమైనా చిరగవచ్చు, అతుకు ఊడదు. ఇంకొక జత తీసుకుని, ఈసారి అతుకు అంచు పట్టుకుని పైకి ఒలవండి. అరటిపండు తొక్కలా వచ్చేస్తుంది. జిగురు జారుడుకు వీరుడు, ఒలుపుకు పిరికి. మూడో జతను నీళ్ళల్లో పది నిమిషాలు నానబెట్టి లాగి చూడండి. ఇప్పుడు నిలువుగా లాగినా వచ్చేస్తుంది. మంచి జిగురు అన్నం మెతుకు కాదు, నిజమే. కాని నీరు దానికీ శత్రువే. జిగురు పట్టుకునేది లోహాన్ని కాదు, లోహం మీది ఆక్సైడు పొరను. తేమ అంచున చేరి, ఏళ్ళ తరబడి ఆ పొరను పొడిగా మారుస్తూ లోపలికి పాకుతుంది. అందుకే కర్మాగారాల్లో రేకును ముందు ఆమ్లంలో కడిగి, విద్యుత్తుతో దాని మీద గట్టి ఆక్సైడు పొరను కొత్తగా పెంచి, ఆ తరువాతనే జిగురు పూస్తారు. పగిలిన బకెట్టుకు గరుకు కాగితం కూడా పెట్టకుండా అరాల్డైటు పూసి, ఊడిపోయిందని తిట్టేవారు ఈ సంగతి గమనించాలి.

హవాయి ఆకాశంలో

1988 ఏప్రిల్ 28. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులు. అలోహా కంపెనీ వారి బోయింగ్ 737 విమానం హిలో నుంచి హొనొలులుకు 95 మందితో బయలుదేరింది. 24,000 అడుగుల ఎత్తులో ముందుభాగపు పైకప్పు సుమారు 18 అడుగుల మేర ఒక్కసారిగా ఎగిరిపోయింది. ప్రయాణికులు నీలాకాశం కింద కూర్చుని ఉన్నారు. నిలబడి ఉన్న పరిచారిక ఒకామె గాలిలోకి కొట్టుకుపోయింది. ఆమె మళ్ళీ దొరకలేదు. మిగిలినవారు బెల్టులు కట్టుకుని ఉండడం వల్ల, పైలట్లు పావుగంట లోపే మావీ దీవిలో దించడం వల్ల బతికారు. 65 మందికి గాయాలయ్యాయి.

ఆ విమానం 1969లో తయారైంది. 19 ఏళ్ళలో 89,680 సార్లు ఎగిరింది. అంటే రోజుకు సుమారు 13 సార్లు. ఎగిరిన గంటలు మాత్రం 35,496. భాగించి చూడండి, ఒక్కొక్క ప్రయాణం 24 నిమిషాలు! దీవి నుంచి దీవికి గెంతడమే. విమానం వయసును గంటల్లో లెక్కిస్తే అది నడివయసు, ఎక్కిదిగిన లెక్కలో చూస్తే ముదుసలి. పైకి పోయినప్పుడల్లా లోపలి గాలి పీడనం విమానాన్ని బెలూనులా ఉబ్బిస్తుంది, దిగినప్పుడల్లా సడలుతుంది.

రేకు మీద పడే బలం లెక్క పదో తరగతి పిల్లలకు కష్టం కాదు. లోపలా బయటా పీడనాల తేడాను వ్యాసార్థంతో గుణించి రేకు మందంతో భాగించాలి. తేడా గరిష్ఠంగా చదరపు మిల్లీమీటరుకు సుమారు 0.05 న్యూటన్లు, వ్యాసార్థం 1,880 మిల్లీమీటర్లు, రేకు మందం 0.9 మిల్లీమీటర్లు. లోపలి పట్టీల సాయం పక్కన పెడితే, వచ్చేది సుమారు 104 న్యూటన్లు. అవును, ఆ రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా లేదు.

పొడవాటి రేకులను ఒకదాని అంచు మీద ఒకటి మూడంగుళాల మేర పెట్టి, మధ్యన జిగురు గుడ్డ వేసి, మూడు వరుసల రివిట్లు కొట్టారు. భారం జిగురు మోయాలి. ఆ తొలి విమానాల్లో వాడిన జిగురు మామూలు వేడిమికే ఆరిపోయే రకం, అందువల్ల వాడేదాకా శీతలపెట్టెలో ఉంచాలి. బయటకు తీస్తే దాని మీద తేమ పట్టేది, లేదా అతికించకముందే కొంత ఆరిపోయేది. తయారీవారే తరువాత ఈ పద్ధతిని వదిలిపెట్టారు. ఈ విమానంలో సముద్రపు ఉప్పుగాలికి జిగురు అక్కడక్కడ విడిపోయింది. జిగురు వదిలిన భారం రివిట్ల మీద పడింది. రివిట్టు తల దాగడానికి రంధ్రాన్ని గరాటులా చెక్కారు. రేకు పలచన కావడంతో ఆ గరాటు అడుగు అంచు కత్తిలా తేలింది. అక్కడ 104కు మూడు రెట్లు! పై వరుసలో ఒక్కొక్క రంధ్రం దగ్గరా చిన్న చిన్న పగుళ్ళు మొలిచాయి. విడివిడిగా చూస్తే ఏదీ ప్రమాదకరం కాదు. ఒక రోజు అవి చేతులు కలిపాయి.

ఇక నేను చెబుతానన్న మాట. ప్రమాదం తరువాత విచారణలో ఒక ప్రయాణికురాలు, విమానం ఎక్కుతున్నప్పుడు తలుపు పక్కన రివిట్ల వరుస వెంబడి పొడవుగా పగులు చూశానని చెప్పింది. ఎవరితోనూ అనలేదట.

ఆ రకం విమానానికి ఇవాళ మనకు చుట్టరికం ఉంది. హైదరాబాదు నుంచి సాగర్ వైపు వచ్చేటప్పుడు ఇబ్రహీంపట్నం దగ్గర తగిలే ఆదిభట్లలో, టాటా, బోయింగు కలిసి పెట్టిన కర్మాగారం 2023 నుంచి కొత్త 737 విమానాలకు నిలువు తోకలు తయారుచేసి పంపుతోంది. నల్లగొండ, పాలమూరు జిల్లాల ఐ.టి.ఐ. పిల్లలకు అది బస్సు దూరంలోనే ఉంది.

సుద్దముక్కతో పరీక్ష

కంటికి కనబడని పగులును పట్టడానికి రైల్వే వర్క్‌షాపుల్లో ఒకప్పుడు వాడిన పాత పద్ధతి ఒకటుంది. మా బడిలో మేము దాన్నే పాటిస్తున్నాం. మీ సైన్సు మాస్టారు దగ్గర ఉండగానే, దరిదాపుల్లో మంట లేకుండా చేయండి. అనుమానం ఉన్న చోట మురికి, రంగు తుడిచి కిరోసిను పూయండి, దొరక్కపోతే డీజిలు. అరగంట ఆగండి. గుడ్డతో పూర్తిగా పొడిగా తుడవండి. ఇప్పుడు సుద్దముక్కను మెత్తగా పొడిచేసి పలచగా అద్దండి. పగులు ఉంటే దానిలో దాగిన నూనె మెల్లగా పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద సన్నని తడి గీతగా కనబడుతుంది. మరక మసిదైతే గీత రాదు.

కొత్త నిచ్చెన కొన్నాం. దాని మెట్లకు వెల్డింగు లేదు. గొట్టం కొసను పక్క బద్ద రంధ్రంలోకి దూర్చి, లోపలి నుంచి నొక్కి, పువ్వులా విప్పి బిగించారు. విరిగిన పాత మెట్టు ప్రయోగశాల అరలో, దిగువ వరుసలోనే పెట్టాం. నెల మొదటి శనివారం తొమ్మిదో తరగతి నుంచి ఇద్దరు కిరోసిను సీసా, సుద్దముక్క, భూతద్దం పట్టుకుని బడంతా తిరుగుతారు. మొన్న జనవరిలో వాళ్ళకు ఒక గీత దొరికింది. నిచ్చెన మీద కాదు. నా మోటారు సైకిలు వెనుక క్యారియరు మీద, వెల్డింగు ముద్ద అంచున, అరంగుళం పొడవున.